ఆకారం గుర్తుంచుకునే కడ్డీని ఉక్కు కడ్డీతో కలపడం ఎలా?



1995 జనవరి 17వ తేదీ తెల్లవారుజామున జపాన్‌లోని కోబె నగరాన్ని పెద్ద భూకంపం కుదిపివేసింది. ఎత్తుమీద కట్టిన రహదారి వంతెన ఒకటి వందల మీటర్ల పొడవున పక్కకు ఒరిగి పడిపోయిన ఛాయాచిత్రాన్ని మీలో కొందరు చూసే ఉంటారు. ఇవాళ మనం మాట్లాడుకోబోయేది ఆ పడిపోయిన స్తంభాల గురించి కాదు, పడిపోకుండా నిలబడిన స్తంభాల గురించి. అవి నిలబడ్డాయి, ప్రాణాలు కాపాడాయి. కాని వాటిలో నూటికి పైగా కాంక్రీటు స్తంభాలు ఒక డిగ్రీ కంటె ఎక్కువగా వాలిపోయి అలాగే ఉండిపోయాయి. ఒక డిగ్రీ అంటే ఏపాటి అని మీరనవచ్చు. 10 మీటర్ల స్తంభం ఒక డిగ్రీ వాలితే దాని తల 17 సెంటీమీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. అలాంటి స్తంభాన్ని మళ్ళీ నిటారుగా నిలబెట్టడం సాధ్యం కాదు. చివరకు వాటిని కూల్చి కొత్తవి కట్టవలసి వచ్చింది. వంతెన ఉంది, కాని భూకంపం వచ్చిన రోజున దానిమీదుగా అంబులెన్సు పోలేదు.

ఇలా ఎందుకు జరిగిందో మీ దగ్గరున్న సైకిలు చువ్వే చెబుతుంది. కొద్దిగా వంచి వదిలితే తిన్నగా అవుతుంది. మరికాస్త వంచితే వంకరగానే ఉండిపోతుంది. కాంక్రీటులో వేసే ఉక్కు కడ్డీ కూడా అంతే. మనం సాధారణంగా వాడే 500 గ్రేడు కడ్డీ తన పొడవులో వెయ్యింట రెండున్నర వంతు సాగేవరకు మాత్రమే పూర్తిగా వెనక్కు వస్తుంది. అది దాటితే లొంగిపోతుంది. భూకంపాన్ని తట్టుకునే నిర్మాణాలలో ఇంజనీర్లు ఈ లొంగడాన్ని కావాలనే జరగనిస్తారు. స్తంభం అడుగునో పైనో ఒక చిన్న భాగంలో ఉక్కు సాగి, భూకంపం తెచ్చిన శక్తిని మింగుతుంది. ఆ భాగాన్ని ప్లాస్టిక్ హింజ్ అంటారు. మనం ఈ ప్రసంగంలో దాన్ని కీలు భాగం అందాం. నిర్మాణం కూలదు, కాని సాగిన ఉక్కు సాగినట్టే ఉంటుంది. కోబెలో స్తంభాలు వాలిపోయి ఉండిపోవడానికి కారణం ఇదే.

కీలు భాగంలో మాత్రం, ఎంత సాగినా వెనక్కు వచ్చే కడ్డీ పెడితే ఏమవుతుంది? అలాంటి లోహం ఉంది. నికెలు, టైటానియం దాదాపు సమాన సంఖ్యలో పరమాణువులుగా కలిసిన మిశ్రలోహం అది. దాని పేరు నిటినాల్. అమెరికా నౌకాదళానికి చెందిన ఆర్డినెన్సు ప్రయోగశాలలో విలియం బ్యూలర్ అనే లోహశాస్త్రవేత్త 1959 ప్రాంతంలో దీనిపై పనిచేశాడు. నికెలు, టైటానియం, ఆ ప్రయోగశాల పేరు, ఈ మూడింటి మొదటి అక్షరాలు కలిపి దానికా పేరు పెట్టారు. 1961లో ఒక సమావేశంలో ఈ లోహపు పట్టీని మడతలుగా వంచి చేతికిస్తే, అక్కడున్న డేవిడ్ మజీ అనే శాస్త్రవేత్త తన పైపు వెలిగించుకునే లైటరుతో దాన్ని వేడిచేశాడు. మడతలన్నీ విప్పుకుని పట్టీ తిన్నగా సాగింది! ఆకృతి స్మృతి అనే పేరు ఈ గుణానికే. పళ్ళు సరిచేయించుకోవడానికి క్లిప్పులు పెట్టించుకున్న స్నేహితుడు మీ తరగతిలో ఉంటే, అతడి నోటిలోని సన్నటి తీగ బహుశా ఈ లోహమే.

దీని రహస్యం స్ఫటిక నిర్మాణంలో ఉంది. వేడి స్థితిలో పరమాణువుల అమరిక ఒక రకంగా ఉంటుంది, దాన్ని ఆస్టెనైట్ అంటాం. చల్లని స్థితిలో మరో రకంగా ఉంటుంది, అది మార్టెన్సైట్. మిశ్రమం పాళ్ళను తగినట్టు ఎంచుకుంటే మామూలు వాతావరణంలోనే లోహం ఆస్టెనైట్‌గా ఉంటుంది. అప్పుడు దాన్ని బలంగా లాగితే ఆ లాగుడుకే మార్టెన్సైట్‌గా మారుతూ సాగుతుంది, వదిలితే మళ్ళీ ఆస్టెనైట్ అయిపోయి పాత పొడవుకు వస్తుంది. ఇక్కడ వేడిచేయవలసిన పనే లేదు. ఈ గుణాన్ని అతిస్థితిస్థాపకత అంటారు. నిటినాల్ ఇలా నూటికి ఆరు వంతుల వరకు, ఒక్కోసారి ఎనిమిది వంతుల వరకు, సాగి వెనక్కు రాగలదు. ఉక్కుతో పోల్చితే ఇది ఇరవై రెట్లకు మించిన మాట.

అలాగైతే నిర్మాణం మొత్తానికీ నిటినాలే వేయవచ్చు కదా అంటారా? ధర ఒప్పుకోదు. ఉక్కుకంటె అది ఎన్నో రెట్లు ఖరీదు. పైగా దాని యంగ్ గుణకం ఉక్కులో సగం కూడా ఉండదు, కాబట్టి అంతా దానితోనే కడితే నిర్మాణం మామూలు బరువులకే ఎక్కువగా వంగుతుంది. అందుచేత కీలు భాగంలో అర మీటరో, మీటరో నిటినాలు పెట్టి, మిగిలినదంతా ఉక్కే వేయాలి. అంటే ప్రతి నిటినాల్ కడ్డీకి రెండు కొసలా ఉక్కు కడ్డీతో అతుకు ఉంటుంది. ఇవాళ్టి మన అసలు విషయం ఆ అతుకు.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. నిటినాల్ మొట్టమొదట వ్యాపారరీత్యా పెద్దగా ఉపయోగపడింది అతుకుగానే. అమెరికాలో ఎఫ్-14 యుద్ధ విమానంలోని ద్రవపీడన గొట్టాలను కలపడానికి రేకెమ్ అనే సంస్థ నిటినాల్ ఉంగరాలు తయారుచేసింది. ద్రవ నైట్రోజన్‌లో చల్లబరచి, వెడల్పు చేసి, గొట్టాల కొసలమీదికి తొడిగితే, మామూలు వేడికి రాగానే ఉంగరం బిగుసుకునేది. ఇతర లోహాలను అంత చక్కగా కలిపిన ఈ లోహం, తాను ఇంకొక లోహంతో కలవవలసి వచ్చేసరికి మొరాయిస్తుంది.

మనకు తెలిసిన పద్ధతులన్నీ ఒక్కొక్కటిగా ప్రయత్నించి చూద్దాం. మేడమీద పై అంతస్తు కోసం వదిలిన రాడ్లను మీరు చూసి ఉంటారు. పై స్తంభం కట్టేటప్పుడు మేస్త్రి కొత్త రాడ్డును పాతదాని పక్కన నిలిపి బైండింగు తీగతో కడతాడు. దీన్ని ల్యాపు అంటారు. కడ్డీ మందానికి సుమారు 50 రెట్ల పొడవున రెండూ పక్కపక్కన ఉండాలి. బలాన్ని మోసేది ఆ తీగ కాదు. కడ్డీమీది గాట్లు కాంక్రీటును పట్టుకుంటాయి, కాంక్రీటు రెండో కడ్డీని పట్టుకుంటుంది. నిటినాల్ కడ్డీలు సాధారణంగా నున్నగా వస్తాయి, వాటిమీద గాట్లుండవు. పైగా ల్యాపు పొడవంతా ఆ ఖరీదైన లోహాన్నే వాడాలి. కాబట్టి ల్యాపు కుదరదు.

వెల్డింగు సంగతి చూస్తే, ఇనుము, టైటానియం కరిగి కలిసినచోట గాజులా పెళుసైన సమ్మేళనాలు ఏర్పడతాయి. సాగడం కోసం పెట్టిన కడ్డీకి పగిలే అతుకు వేసినట్టవుతుంది. ప్రయోగశాలలో మధ్యన వేరే లోహం పెట్టి సన్నని తీగలను కలిపినవారు ఉన్నారు. భూకంపం ధాటికి నిలవవలసిన లావు కడ్డీకి ఆ దారి నమ్మదగింది కాదు.

తర్వాతది మర. కడ్డీ కొసకు మరలు చుట్టి, లోపల మరలున్న ఉక్కు గొట్టంలో బిగించడం. ఈ గొట్టాన్నే కప్లర్ అంటారు. పెద్ద కట్టడాలలో ఉక్కు కడ్డీలకు ఇది మనదేశంలోనూ వాడుకలో ఉన్నదే, దానికి ఐ.ఎస్. 16172 అనే భారతీయ ప్రమాణం 2014లో వచ్చింది. నిటినాల్ దగ్గరకు వచ్చేసరికి రెండు ఇబ్బందులు ఎదురవుతాయి. ఒకటి, అది కోత పనిముట్ల పదును త్వరగా అరగదీస్తుంది, మర వేయడమే కష్టం. రెండవది అంతకంటె ముఖ్యం. మర అడుగున ఉన్న ప్రతి గాడి దగ్గరా ప్రతిబలం పోగుపడుతుంది, నిటినాల్ గాట్లను ఓర్చుకునే లోహం కాదు. అందుకని కొందరు పరిశోధకులు కడ్డీ నడుమును చెక్కి సన్నం చేశారు. సాగుడంతా నడుములోనే జరిగి, మరలున్న లావు కొసలకు శ్రమ తక్కువవుతుంది. పని జరుగుతుంది కాని, బంగారంలా కొన్న లోహాన్ని పొట్టుగా తీసి పారేసినట్టు!

మరలు లేకుండా బిగించే కప్లర్లు కూడా ఉన్నాయి. మందపాటి గొట్టంలోకి రెండు కడ్డీలను చెరో కొసనుంచి దూర్చి, పక్కనుంచి వరసగా బోల్టులు బిగిస్తారు. ఉక్కు కడ్డీల కోసం చేసిన బోల్టుల మొన వాడిగా ఉంటుంది, అది కడ్డీలోకి దిగి పట్టుకుంటుంది. నిటినాల్‌కు అదే గాయం. అక్కడినుంచే కడ్డీ తెగవచ్చు. మొన చదునుగా ఉన్న బోల్టులు పెడితే గాయం ఉండదు, కాని అప్పుడు పట్టంతా ఘర్షణ మీదే ఆధారపడుతుంది. ఈ ఘర్షణతో వచ్చే చిక్కు కాస్త సూక్ష్మమైనది, నిదానంగా ఆలోచించండి.

నిటినాల్ సాగేటప్పుడు దాని ఘనపరిమాణం దాదాపు మారదు. పొడవు పెరిగితే మందం తగ్గక తప్పదు. 25 మిల్లీమీటర్ల కడ్డీ నూటికి ఆరు వంతులు సాగితే దాని మందం సుమారు 0.7 మిల్లీమీటరు తగ్గుతుంది. చదును బోల్టు ఎంత బిగించినా, కప్లర్ మూతి దగ్గర కడ్డీ సన్నబడి బోల్టు కిందనుంచి తప్పించుకుంటుంది. ఆ బోల్టు పట్టు సడలగానే భారం తర్వాతి బోల్టుమీద పడుతుంది, అక్కడ కూడా కడ్డీ సన్నబడుతుంది. అలా మూతినుంచి లోపలికి పట్టు వదులుతూ పోతుంది. ఉక్కు కడ్డీ తన హద్దులోపల ఇంత సన్నబడదు కనుక మామూలు కప్లర్ల రూపకర్తలు ఈ సంగతి పట్టించుకోవలసిన అవసరం రాలేదు.

జారితే ఏమిటి నష్టం? కడ్డీ తెగలేదు కదా? నష్టమే ఉంది. 400 మిల్లీమీటర్ల నిటినాల్ కడ్డీ ఆరు వంతులు సాగితే 24 మిల్లీమీటర్లు పెరుగుతుంది, వదిలితే ఆ 24 కూడా వెనక్కు వస్తుంది. కాని కప్లర్‌లో 3 మిల్లీమీటర్లు జారితే, జారినది వెనక్కు రాదు. పగులు ఆ మేరకు తెరుచుకునే ఉంటుంది, స్తంభం ఆ మేరకు వాలే ఉంటుంది. అంత ఖర్చు పెట్టి కొన్న జ్ఞాపకశక్తిని అతుకు చెరిపివేస్తుంది. నున్నటి కడ్డీకి కాంక్రీటుతో పట్టు తక్కువ కాబట్టి బలమంతా ఈ రెండు కప్లర్ల గుండానే పోవాలి, మధ్యలో ఆదుకునేది మరేదీ లేదు.

ఇక మిగిలిన దారి తల కట్టడం. మేకుకు తల ఉన్నట్టు, నిటినాల్ కడ్డీ కొసను వేడిచేసి నొక్కి వెడల్పు తల చేస్తారు. ఉక్కు కడ్డీకి కూడా అలాగే చేస్తారు. రెండు తలలనూ ఎదురెదురుగా ఉంచి, ఒకదానిలో ఒకటి మరతో బిగిసే రెండు ఉక్కు తొడుగులతో మూసివేస్తారు. ఈ ఏర్పాటులో మరలు తొడుగులకు ఉంటాయి, నిటినాల్‌కు ఒక్క గాడి కూడా ఉండదు. లాగినప్పుడు తల వెనుక భాగం తొడుగు భుజానికి ఆనుతుంది, బలం తొడుగుగుండా రెండో తలకు చేరుతుంది. మెడ దగ్గర వాడి మూల లేకుండా నున్నటి వంపు ఇవ్వాలి. వేడిచేసినప్పుడు మెడ దగ్గరి లోహం గుణం మారిపోకుండా చూసుకోవాలి. ఈ లోహం ఎంత సుకుమారమంటే, నికెలు పాలు నూటికి పదో వంతు పరమాణువులు అటూ ఇటూ అయితే చాలు, స్ఫటికం మారే ఉష్ణోగ్రత 10 డిగ్రీల వరకు జరుగుతుంది. రెండు తలల మధ్య ఖాళీ కూడా ఉండకూడదు. భూకంపంలో కడ్డీ ఒకసారి లాగబడుతుంది, మరుక్షణం నొక్కబడుతుంది. ఖాళీ ఉంటే తలలు డోలు వాయిస్తాయి. నాకు ఈ పద్ధతే అన్నిటికంటె నమ్మదగినదిగా కనిపిస్తుంది, ఎందుకంటే ఇందులో బలం ఘర్షణమీద కాక ఆనికమీద ఆధారపడుతుంది.

అతుకు ఎంత మంచిదైనా, అవతలి ఉక్కు కడ్డీ లొంగకూడదు. లొంగితే కోబె కథే మళ్ళీ మొదటికి వస్తుంది. కాగితం, పెన్సిలు తీసుకోండి. 25 మిల్లీమీటర్ల కడ్డీ అడ్డుకోత వైశాల్యం 491 చదరపు మిల్లీమీటర్లు. 20 డిగ్రీల వద్ద మన నిటినాల్ 400 మెగాపాస్కల్ ప్రతిబలం దగ్గర సాగడం మొదలుపెడుతుంది అనుకుందాం. అంటే 196 కిలోన్యూటన్లు, దాదాపు 20 టన్నులు. అదే మందం గల 500 గ్రేడు ఉక్కు 245 కిలోన్యూటన్ల దగ్గర లొంగుతుంది. నిటినాలే ముందు సాగుతుంది, ఉక్కు క్షేమం, లెక్క సరిపోయింది అని పెన్సిలు కింద పెట్టకండి. నిటినాల్ సాగే ప్రతిబలం ఉష్ణోగ్రతతో పాటు పెరుగుతుంది, ఒక్కో డిగ్రీకి సుమారు 6 మెగాపాస్కల్ చొప్పున. రామగుండం ఎండాకాలంలో 45 డిగ్రీల దగ్గర అది 550 అవుతుంది, బలం 270 కిలోన్యూటన్లు. ఇప్పుడు ముందు లొంగేది ఉక్కు! కాబట్టి అవతల 32 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ వేసి 402 కిలోన్యూటన్ల హద్దు తెచ్చుకోవాలి. దీనికి తోడు నిటినాల్ తన ఆరు, ఎనిమిది వంతుల సాగుడు దాటితే ప్రతిబలం ఏటవాలుగా పైకి లేస్తుంది, దానికీ కొంత మిగులు ఉంచాలి. మరోవైపు, చలి ఎక్కువైతే లోహం వదిలినప్పుడు పూర్తిగా వెనక్కు రాదు. అంటే అతుకు బలాన్ని అత్యంత వేడి రోజుకు, వెనక్కు వచ్చే గుణాన్ని అత్యంత చలి రాత్రికి లెక్కవేసుకోవాలి. కాంక్రీటు లోపల ఉష్ణోగ్రత బయటి గాలంత త్వరగా మారదన్నది కాస్త ఊరట.

తుప్పు విషయం ఒక మాటలో చెబుతాను. నిటినాల్‌మీద టైటానియం ఆక్సైడు పొర ఉండి దాన్ని కాపాడుతుంది. తేమ, ఉప్పు చేరితే దాన్ని తాకి ఉన్న ఉక్కు బ్యాటరీలో ధనధ్రువం, రుణధ్రువంలా దానికి జతపడి తాను తినివేయబడుతుంది. విశాఖపట్నంలాంటి తీర నగరాలలో కప్లర్ చుట్టూ ఉన్న కాంక్రీటు దిట్టంగా ఉండాలి.

నిటినాల్‌ను ఉక్కుతో వరుసగా కలిపి వాడిన తొలి కట్టడాలలో ఒకటి ఇటలీలోని త్రిన్యానో గ్రామంలోని సెయింట్ జార్జి చర్చి గంట గోపురం. 1996 అక్టోబరు భూకంపంలో అది దెబ్బతిన్నది. 1999లో గోపురం నాలుగు మూలలా లోపలివైపు నిలువునా ఉక్కు కడ్డీలు దించి, ప్రతి కడ్డీ దారిలోనూ నిటినాల్ తీగల కట్టను పెట్టి బిగించారు. 2000 జూన్‌లో మళ్ళీ భూకంపం వచ్చినప్పుడు గోపురానికి నష్టం జరగలేదు. అయితే అక్కడ వాడినవి మిల్లీమీటరు మందం తీగలు. కాంక్రీటు స్తంభంలో లావు కడ్డీలు వేయడం వేరే సంగతి. అది సియాటిల్‌లో జరిగింది.

అమెరికా పశ్చిమ తీరంలోని ఆ నగరంలో అలాస్కన్ వే అనే పాత ఎత్తైన రహదారి 2001 ఫిబ్రవరి 28న వచ్చిన నిస్క్వాలీ భూకంపంలో దెబ్బతిన్నది. దాని స్థానంలో సొరంగ మార్గం వేస్తూ, దానికి చేరే ఒక చిన్న వంతెన స్తంభాల పైభాగంలో నిటినాల్ కడ్డీలు వేశారు. వాటి చుట్టూ మామూలు కాంక్రీటుకు బదులు, సన్నని నారలు కలిపిన, వంగినా పెళుసుగా పగలని సిమెంటు మిశ్రమం పోశారు. నెవడా రాష్ట్రంలోని రీనో విశ్వవిద్యాలయంలో ఆచార్య సయీద్ సయీదీ బృందం ఏళ్ళ తరబడి కంపన వేదికమీద నమూనా స్తంభాలను ఊపి చూసిన తర్వాతే ఇది సాధ్యమయింది. అక్కడ తలకట్టు కప్లర్లనే ఎంచుకున్నారు. 2019లో ఆ మార్గం వాడకంలోకి వచ్చింది. కీలు భాగంలో కప్లర్ పెట్టడానికి అమెరికా వంతెన నిబంధనలు అంతకుముందు చాలాకాలం ఒప్పుకోలేదన్నది గుర్తుంచుకోదగ్గ విషయం. అతుకు గట్టిగా, బిరుసుగా ఉంటే సాగుడు దాని అంచుల దగ్గర పోగుపడుతుందని ఇంజనీర్ల భయం. ఆ భయంలో నిజముంది, అందుకే అన్నేళ్ళ ప్రయోగాలు కావలసివచ్చాయి.

అతుకు సమస్యను లోహాన్ని మార్చడం ద్వారా దాటవచ్చునేమోనని చూస్తున్నవారు కూడా ఉన్నారు. జపాన్‌లోని తొహోకు, క్యోటో విశ్వవిద్యాలయాల పరిశోధకులు రాగి, అల్యూమినియం, మాంగనీసు మిశ్రమంతో కడ్డీలు చేశారు. దీనికి మర సులభంగా వేయవచ్చు, ఖరీదూ నిటినాల్‌కంటె తక్కువ. స్విట్జర్లాండులోని ఎంపా పరిశోధన సంస్థ ఇనుము, మాంగనీసు, సిలికాన్ ఆధారంగా గాట్లున్న కడ్డీలనే రూపొందించింది. అవి అతిస్థితిస్థాపకంగా ఉండవు. ముందే సాగదీసిన కడ్డీని నిర్మాణానికి బిగించి 160 డిగ్రీలకో అంతకు పైకో వేడిచేస్తే, ముడుచుకోబోయి పాత వంతెనను బిగించి పట్టుకుంటాయి. భూకంపానికి ఊగి వెనక్కు రావడం వేరు, బలహీనపడిన దూలాన్ని బిగించడం వేరు. మీరు పుస్తకాలలో ఆకృతి స్మృతి కడ్డీ అని చదివినప్పుడు ఏ లోహం, ఏ పనికి అన్నది ముందు చూసుకోండి.

మీలో ఎవరైనా ఇంజనీరింగు కళాశాలలో ఈ విషయం ప్రాజెక్టుగా తీసుకుంటే, పరీక్ష యంత్రంలో నిటినాల్, కప్లర్, ఉక్కు కలిసిన నమూనాను పెట్టి లాగుతారు. యంత్రం గీసే రేఖమీదే కళ్ళు పెట్టుకుని కూర్చోకండి. మొదలుపెట్టేముందే కప్లర్ మూతి దగ్గర కడ్డీమీద పెన్నుతో ఒక గీత గీయండి. ప్రతిసారి బలం వదిలినప్పుడు ఆ గీత మూతినుంచి ఎంత బయటకు వచ్చిందో కొలవండి. చివరన నమూనా తెగినప్పుడు, ఎక్కడ తెగిందో చూడండి. మూతి దగ్గరో, గొట్టం లోపలో తెగితే ఆ అతుకు పనికిరాదు. కడ్డీ నడుమ తెగి, గీత ఉన్నచోటే ఉంటే, ఆ కప్లర్‌ను స్తంభంలో పెట్టే ఆలోచన చేయవచ్చు.